ఎడమ మూల చీకటి

మాకు చండ్రుగొండలో చిన్న ఫొటో స్టూడియో ఉంది. పనంతా కంప్యూటర్ మీదే నడుస్తున్నా, మా ఆయన సరదా కొద్దీ ఇప్పటికీ డార్క్‌రూమ్‌లో నలుపు తెలుపు ఫొటోలు ప్రింటు చేస్తుంటాడు. పోయిన వానాకాలమంతా ఆయనది ఒకటే గొడవ. నెగెటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్లార్జర్ లైటు ఎడమ మూలకు పడటం లేదట.

బల్బు మార్చాం. లోపలి అద్దాలు తుడిచాం. ఖమ్మం నుంచి ఇంకో బల్బు తెప్పించి అదీ మార్చాం. నాకైతే వెలుగు అంతటా సమంగానే కనబడేది. ఆయన మాత్రం కెమెరా అలవాటు కొద్దీ ఒక కన్ను మూసుకుని వంగి, "లేదే, గా మూలంత చీకటే" అనేవాడు.

ఒకరోజు నాకు విసుగొచ్చింది. "ఏది చీకటి? నా చెయ్యి పెట్టి చూపిస్త, చూడు" అని ఆ మూలలో అరచెయ్యి పెట్టాను. గాజులతో సహా వెలిగిపోతోంది.

"పెడతానంటివి, పెట్టవేందే?" అన్నాడు, కాగితం మధ్యకే చూస్తూ.

"పెట్టిన కదయ్యా!" అన్నాను.

ఆయన రెండో కన్ను తెరిచి నా చెయ్యి చూశాడు. స్టూలు మీద కూర్చుండిపోయాడు.

కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిన్నదని, పోయిన చూపు ఇక రాదని, ముందే వచ్చి ఉంటే ఇంత పోయేది కాదని కంటి డాక్టరమ్మ చెప్పింది. మిగిలిన చూపైనా నిలవాలని రెండు కళ్లకూ చుక్కలు వేస్తున్నాం.

మిషన్‌ను అంతగా అనుమానించిన మేము కంటిని ఒక్కసారీ అనుమానించలేదు. మొన్న అల్మారా సర్దుతుంటే పాడయ్యాయని పక్కన పడేసిన బల్బులు దొరికాయి. ఒక్కొక్కటే పెట్టి చూశాను. రెండూ చక్కగా వెలిగాయి.