లొడలొడ మానిన తుపాకీ

ఓర్లీన్‌కి ఆ రోజుల్లో పగళ్లన్నీ మగతగానే గడిచేవి. బడి వంటశాలలో బీన్సు కలుపుతుంటే ఆ ఆవిరిలో తన ఇల్లు మెల్లగా తేలిపోతున్నట్టు కనిపించేది. రాత్రుళ్లు నిద్ర లేని మనిషికి పట్టపగలు కలలు రాక ఏమవుతుంది?

భర్త హోలిస్ పోయాక ఆ కొండవాలు ఇంట్లో ఆమె, ముసలి వేటకుక్క జూన్ మిగిలారు. కింది మలుపులో ఎవరింటికో దొంగలు పడ్డాక ఆమెకి ఉన్న కాస్త కునుకూ పోయింది. కుక్కను నమ్ముకుందామా అంటే, హోలిస్‌ని పాతిపెట్టిన రోజున మంచం కిందికి దూరి, తిండికి తప్ప బయటికి రావడం లేదు. మొరగడమే మరిచిపోయింది. భయం తీరకపోతే ఇల్లు మూసేసి, పట్నంలో చెల్లెలి పంచన చేరాలి. ఆ మాట తలుచుకుంటేనే ఓర్లీన్‌కి ఒళ్లు మండేది.

తలుపు వెనక హోలిస్ పంప్ తుపాకీ ఉంది, గొట్టం కింది పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే తూటా ఎక్కేది. చవకరకం. ముందు పిడి వదులై, చేతిలోకి తీసుకుంటే చాలు లొడలొడలాడేది. హోలిస్ తాడిచెట్టంత మనిషి, ఆమె అతని చంక కిందికి వచ్చేది. దాన్ని ఆమె భుజానికి ఆనిస్తే చెయ్యి పిడి దాకా అందలేదు. అందుకని మరిది వర్జిల్ కొట్టానికి పట్టుకెళ్లింది. అతనికి తుపాకులు బాగు చేయడం బాగా వచ్చు, నోరు మూసుకోవడమే రాదు.

“తూటాలు తీశావా వదినా?”

“తీశాను. నువ్వూ చూసుకో.”

చూసుకున్నాడు. ఆమెను మోచెయ్యి మడవమని, అక్కణ్ణించి వేలి దాకా కొలిచాడు.

“జూన్ కాళ్లే నయం, నీ చేతులకంటే పొడుగు. మా అన్న నిన్ను ఎక్కడ ఏరుకొచ్చాడో.”

“నోరు తగ్గించి రంపం ఆడించు మరిదీ.”

భుజానికి ఆనే వెనక చెక్కను అతను ఆమె చేతి కొలతకు కోయసాగాడు. హోలిస్ భుజం ఒరిపిడికి నునుపు తేలిన చెక్క అది. రంపపు పొట్టు ఎండలో బంగారు రంగులో ఎగురుతుంటే ఓర్లీన్ ఎటో వెళ్లిపోయి చూస్తూ నిలబడింది. తెగిపడిన ముక్కను వర్జిల్ పొయ్యిలో వేయబోతే లాక్కుని జేబులో వేసుకుంది.

అతను చెక్క చివర రబ్బరు దిండు బిగించాడు, గొట్టం కింద చిన్న టార్చి కట్టాడు.

“పిడి లోపల సైకిల్ ట్యూబు ముక్క దూర్చాను. ఇక కిక్కురుమనదు. ఏళ్ల తరబడి మా పరువు తీసింది ఆ లొడలొడ.”

ఇంటికొచ్చి, సాయంకాలపు వెలుగులో భుజానికి ఆనించి చూసుకుంది. సరిగ్గా అతికింది. అయినా గుండె కుదుటపడలేదు. ఎవరి తుపాకీనో తెచ్చి ఎవరింట్లోనో నిలబడ్డట్టుంది. ఎత్తింది, దించింది. చప్పుడు లేదు. అప్పుడు తెలిసింది. కోళ్ల గూటి దగ్గర అలికిడైతే హోలిస్ లేచేవాడు. చీకట్లో ఆ లొడలొడ వినపడగానే, ఆయన చూసుకుంటాడులే అని ఆమె అటు తిరిగి పడుకునేది. ఆమె నిద్రంతా ఆ చప్పుడులోనే ఉండేది.

కత్తిమొనతో ట్యూబు ముక్కను పీకేసి తుపాకీ ఎత్తింది.

లొడలొడ.

మంచం కింద గోళ్లు గీసుకున్నాయి. జూన్ బయటికొచ్చి తలుపు దగ్గర నిలబడింది. తోక ఊపుతూ తలుపు వంక, ఆమె వంక చూసింది.

“రాడే,” అంది ఓర్లీన్. “మీ అయ్య ఇంక రాడు. ఇప్పుడు దీన్ని పట్టుకుంది నేనే.”

పాతిపెట్టి వచ్చాక ఆ మాట పైకి అనడం అదే మొదలు. తుపాకీ పక్కన పెట్టి, నేల మీద చతికిలబడి, కడుపులో ఉన్నదంతా పోయేలా ఏడ్చింది. జూన్ చాలాసేపు తలుపు వంకే చూసింది. చివరికి మంచం వైపు వెళ్లకుండా గడపకు అడ్డంగా పడుకుంది. దారిలో ఏదో బండి పోతుంటే గుర్రుమంది.

రాత్రికని వండుకున్న బీన్సు పొయ్యి మీద చల్లారకముందే ఓర్లీన్ నిద్రపోయింది.