టీసీ యాల తీసుకొంటివమ్మా

పోయిన ఆదివారం పుంగనూరులో చనిపోయినాయన హెడ్మాస్టరు కాదు. మన పూర్వ విద్యార్థుల గ్రూపులో మీరు అలా రాసి, కింద వరసగా దండాలు పెట్టారు. ఆయన మన హైస్కూలు ఆఫీసులో గుమస్తా. హెడ్మాస్టర్లు వచ్చి పోతుండేవాళ్లు, ఆయన మాత్రం రిటైరయ్యేదాకా అదే కుర్చీలో ఉన్నాడు. అక్కడే ముప్పై ఏళ్లు మీకు ఇంగ్లీషు చెప్పినదాన్ని, తప్పు కనిపిస్తే ఊరుకోలేను. ఆయన పోయినప్పటి నుంచి అసలు ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

మా మనవరాలు మదనపల్లెలో ఇంటర్ చేరిన నెలకే జర్మనీలో ఒక ఏడాది చదివే అవకాశం వచ్చింది. కాలేజీ వదిలేటప్పుడు టీసీ తీసుకోవాలి కదా. వెళ్లి దర్జాగా తీసుకొచ్చింది నేనే. తిరిగొచ్చాక పిల్ల మళ్లీ మొదటి ఏడాదిలో చేరింది. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ దగ్గరపడ్డాక తెలిసింది, ఆరో తరగతి నుంచి ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్ పెట్టాలని. మా కాగితాల్లో ఒక ఏడాది ఖాళీ. లోకల్ కాదంటే సీటు మీద ఆశ వదులుకోవాల్సిందే.

రిటైరయ్యాక కూడా పిల్లల కాగితాలు సర్దిపెట్టేది ఆయనే కాబట్టి, పిల్లను వెంటబెట్టుకుని పుంగనూరులో ఆయన ఇంటికి వెళ్లాను.

"టీసీ యాల తీసుకొంటివమ్మా?" అన్నాడు, కూర్చోమనకుండానే. "ఊరిడిసి పొయ్యేటోళ్లకి టీసీ. సూసొచ్చేటోళ్లకి లీవు లెటరు సాలు."

"ఇన్నేళ్లు స్కూల్లో పనిచేసినాను, నాకు తెలీదా అప్పా?"

"తెలిసుంటే నా యింటికి యాల వస్తావు టీచరమ్మా?"

తప్పు ఒప్పుకుని కాగితాలన్నీ ఆయన చేతిలో పెట్టాను. అది ఎంత అరుదో మీకు తెలుసు.

ఏ కాగితమైనా వేలు పెట్టి పైకి చదవడం ఆయన అలవాటు. ఒరిజినల్‌కి గుండుసూది తగలనిచ్చేవాడు కాదు, దారంతో కట్టేవాడు. జర్మనీ మార్కులు చదివి ఆగిపోయాడు.

"లెక్కల్లో ఒకటి, సైన్సులో రెండు. ఏం పాపా, అంత దూరం పోయి ఈ మార్కులా?"

"ఆడ ఒకటొస్తే ఫస్టు తాతా. ఆరొస్తే ఫెయిలు."

"అట్లనా! ఆ లెక్కన మా ఇంట్లో అందురూ ఫస్టే." నవ్వాడు. వెంటనే పెన్ను తీశాడు. "ఈ ఖాళీ ఏడాది సంగతి మనమే ముందుగా రాసి పెట్టాల. అడిగినాక సెప్తే నిజం గూడా అబద్ధం మాదిరి ఉంటాది."

కాలేజీ లెటరుకు, తాసీల్దారు ఆఫీసుకు, జర్మనీ స్కూలు నుంచి ఉత్తరానికి నన్ను మూడు వారాలు తిప్పాడు. శనివారం అన్నీ సర్ది, సోమవారం వచ్చి తీసుకెళ్లమన్నాడు. ఆదివారం పొద్దున కాఫీ తాగి పడుకున్నవాడు మళ్లీ లేవలేదు.

కబురు వినగానే నా మనసు ముందు ఫైలు మీదికి పోయింది. సిగ్గుపడ్డాను. మూడో రోజు పలకరించడానికి వెళ్తే ఆయన భార్యే లోపల్నుంచి తెచ్చిచ్చింది. "తీసుకోక్కా, పాప పేరు రాసి పెట్టిండాడు."

గురువారం కుప్పంలో వెరిఫికేషన్. "ఈ సంవత్సరం ఏమైందమ్మా?" అన్నాడు ఆఫీసరు. మనవరాలు పేజీ తిప్పి చూపించింది. "మేమే రాసి పెట్టినాం సార్." ఆయన రెండుసార్లు చదివి, ఫైలు పట్టుకుని లోపలికి వెళ్లాడు. ఎవరో కుర్చీ ఇచ్చారు. నేను వరండా కొలుస్తూనే ఉన్నాను. చాలాసేపటికి ఆఫీసరు బయటికొచ్చి, లోకల్ అన్నచోట టిక్కు పెట్టాడు. మనవరాలు ఏడ్చింది. నేను ఏడవలేదని రాయను.

పోయిన గుమస్తాగారి మంచం మీద ఇంకో ఆరుగురు పిల్లల ఫైళ్లున్నాయి. గుడుపల్లె, తంబళ్లపల్లె, పలమనేరు అని పైన రాసుంది. వెరిఫికేషన్‌కి గడువు సోమవారం. మీ పిల్లలవైతే ఆదివారం పొద్దున తొమ్మిదికి పుంగనూరులో ఆయన ఇంటికి రండి. హాల్ టికెట్ చూపించి ఫైలు తీసుకోండి. ఫైల్లో అలా ముందే రాసి పెట్టిన లెటరు లేనివాళ్లు రాసుకోవడానికి నాలుగు తెల్లకాగితాలు తెచ్చుకోండి. ఆయన భార్యను లేపకండి, వరండాలో ఆయన బల్ల దగ్గర నేను కూర్చునుంటాను.