సిలికాన్ రంధ్రాలకు గంధం

మా అన్న ఓబులేసు పోయి ఏడాదయింది. కర్నూలులో ఆయన ఫిజిక్స్ చెప్పిన కాలేజీలోనే నేను తెలుగు చెప్పాను కాబట్టి, ఆయన పని ఎట్లా పాడయిందో కళ్లారా చూశాను. పాడుచేసిన పెద్దమనిషి కాలేజీ కరస్పాండెంటు రాఘవేంద్రప్రసాద్. నూనె మిల్లు నడిపినట్టే చదువునూ నడిపాడు. ఇటు గింజలు పోస్తే అటు ర్యాంకులు కారాలి.

కమలాపురంలో మా అమ్మ నాగలక్ష్మమ్మకు చక్కెర జబ్బు. రోజూ వేలు పొడిపించుకోలేక ఏడ్చేది. ఆ కన్నీటి చుక్కతోనే చక్కెర కొలిస్తే పోలేదా అనుకున్నాడు అన్న. కన్నీటిలో చక్కెర మరీ తక్కువ. నున్నటి సిలికాన్ ముక్క మీద వెలుతురు వేసి చూస్తే తేడా తెలియలేదు. అప్పుడు దాన్ని ఆమ్లంలో పెట్టి, కరెంటు పంపి, కంటికి కనపడని రంధ్రాలు పడేట్టు చేశాడు.

"నాపబండ మీద నీళ్లు పోస్తే జారిపోతాయి, ఇటుక తాగుతాది. అంతేరా," అని నాకు చెప్పాడు.

ఆ రంధ్రాల గోడలకు చక్కెరను పట్టుకునే ఎంజైము అంటించాడు. చక్కెర నీళ్లు పడితే, ముక్క నుంచి తిరిగొచ్చే వెలుతురు రంగు మారేది. ఎంత మారిందో పరికరం అంకె చూపేది. ఎనిమిది నెలలకు ఒక్క ముక్క కుదిరింది.

2005 దసరా అయిన మూడో రోజు హైదరాబాదు నుంచి ముగ్గురు ప్రొఫెసర్లు చూడ్డానికి రావాలి. వాళ్లు సరేనంటే గ్రాంటు వచ్చి పని ఇంకో రెండేళ్లు సాగుతుంది. కాదంటే ల్యాబు గది ఖాళీ చేయాలి.

ఆయుధపూజ నాడు కరస్పాండెంటు బస్సులకూ, జనరేటరుకూ, కంప్యూటర్లకూ బొట్లు పెట్టుకుంటూ ల్యాబులోకి వచ్చాడు. అన్న పరికరం పెట్టెకు అప్పటికే కుంకుమ పెట్టి ఉంచాడు.

"పెట్టెకు పెడితే ఏమొస్తాదప్పా? అసలు సరుకు యాడుండాది?"

"లోపల ఉండాది సార్. దాన్ని ముట్టకూడదు."

"దేవునికి కూడా మడేనా?"

వెనకున్న లెక్చరర్లు నవ్వారు. జీతమిచ్చేవాడి హాస్యానికి నవ్వడంలో మా కాలేజీది మొదటి ర్యాంకు. నేనూ నవ్వాను. కరస్పాండెంటు మూత తీసి, ఉంగరపు వేలు గంధంలో ముంచి, ముక్క నడిమధ్య బొట్టు పెట్టి, పైన కుంకుమ అద్దాడు.

అన్న ఆ ముక్కను రెండు రోజులు కడిగాడు. పైది పోయింది. రంధ్రాల్లో దూరింది రాలేదు.

ప్రొఫెసర్ల ముందు ఉత్త నీళ్లు వేసినా, చక్కెర నీళ్లు వేసినా ఒకే అంకె వచ్చింది.

"ఏమైందండీ?" అని వాళ్లలో పెద్దాయన అడిగాడు.

"పల్లె నుంచి వచ్చినోడు సార్, ఆశ శానా," అన్నాడు కరస్పాండెంటు, జీడిపప్పు పళ్లెం అందిస్తూ.

"రంధ్రాలు సరిగా రాలేదు సార్. తప్పు నాదే," అన్నాడు అన్న.

వాళ్లు ఏదో రాసుకుని వెళ్లిపోయారు. నేను వరండాలో అన్నను నిలదీశాను.

"నిజం చెప్పుంటే ఇంకో అవకాశం ఇచ్చేవాళ్లు గదన్నా."

"వాళ్లు సాయంత్రం రైలెక్కి పోతారు. నేనుండాల్సింది ఈయప్ప కిందనే గదరా."

సోమవారం ఆ గదిలో ఎంసెట్ బ్యాచికి బెంచీలు వేశారు. మోసినవాళ్లలో మా అన్న కూడా ఉన్నాడు. కరస్పాండెంటును తిట్టుకోవడం నాకు తేలిక. అన్న వినయాన్ని మాత్రం, ఆయన పోయాక కూడా, క్షమించలేకపోతున్నాను.