పందిరి విప్పిన నేల

వదిన వేళ్ళు గుంజ వెనక తాడు కొస కోసం వెతికాయి. కొస దొరికితే ఒక్క లాగుతో ముడి జారిపోవాలి. ఇరవై రెండేళ్ళుగా ఆమె వేయించే ముడి అదే. కొస దొరకలేదు. గోరుకి ఏదో గట్టిగా తగిలింది. వంగి చూస్తే తాడుకి బదులు లాగి బిగించే ప్లాస్టిక్ ట్యాగు, అచ్చం గడ్డి రంగులో. పక్క గుంజకీ అదే, ఆ పక్కదానికీ అదే.

అప్పటికే మైదానం అవతలి వైపు నుంచి మరిది, మరో ముగ్గురు మనుషులు కట్టర్లు పట్టుకుని టకటకా కత్తిరించుకుంటూ వస్తున్నారు. తెగిన ముక్క తెగినట్టే ఎగిరి గడ్డిలో పడుతోంది.

ఆమె గొంతు ఎత్తలేదు. నేరుగా నడిచి వెళ్ళి మరిది చేతిలో కట్టరు లాక్కుంది. మిగతా ముగ్గురూ అడక్కుండానే తమవి కింద పెట్టేశారు.

వదిన అని మొదట పిలిచింది మరిదే. ఆ పిలుపు పనివాళ్ళందరికీ అంటుకుంది. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాడైన లారీ డ్రైవరు కూడా వదినా అనే అంటాడు. పండగలకీ సభలకీ నాలుగు రోజుల కోసం పందిళ్ళు వేసి, విప్పి, మళ్ళీ పండగ దాకా దాచిపెట్టడం ఆమె పని. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెళ్ళైన కొత్తలో చిరిగిన షామియానాలకి మాసికలు కుట్టేది. కుడుతూ కుడుతూ, గుడ్డ ఎప్పుడూ ఒకే చోట ఎందుకు చిరుగుతోందని ఆలోచించి, తప్పు గుడ్డది కాదు ముడిదని కనిపెట్టింది. ఆ ముడి మార్చడానికి ఎక్కిన నిచ్చెన మళ్ళీ దిగలేదు. భర్త ఇంట్లో ఫోను దగ్గర కూర్చుని పనులు ఒప్పుకుంటాడు. ఎంత పెద్ద పందిరైనా నోటితో గంటలో వేసేస్తాడని పనివాళ్ళు నవ్వుకుంటారు.

విప్పేటప్పుడు కత్తి ముట్టకూడదన్నది ఆమె పెట్టిన కట్టుబాటు. కోస్తే తాడు పొట్టిదవుతుంది, ముక్క నేల పాలవుతుంది. ఈసారి మూడు రోజులు వేరే చోట పనిలో ఇరుక్కుని, ఈ బడి మైదానంలో పందిరి మరిదికి అప్పగించింది. అక్కడే పొరపాటయింది.

ఇది మామూలు మైదానమైతే ఆమెకి అంత మండేది కాదు. ఆమె గుంజలూ గుడ్డలూ అన్నీ ఉండేది ఈ మైదానం చివర, బడివాళ్ళు ఇచ్చిన షెడ్డులోనే. అంత పొడుగు కర్రలు పట్టే పొడి చోటు ఊరు మొత్తంలో ఇంకోటి లేదు. పోయినేడు పందిరి విప్పాక గడ్డిలో మిగిలిన మేకు ఒక పిల్ల పాదంలో దిగింది. జిల్లా పరుగు పందేనికి వెళ్ళాల్సిన పిల్ల ఇంట్లో కూర్చుంది. డ్రిల్లు మాస్టారు కోప్పడలేదు. ఇంకొక్కసారి నేలమీద ఏదైనా దొరికితే షెడ్డు ఖాళీ చెయ్యమన్నాడు. అంతే. ఈ సాయంత్రం నాలుగింటికి పిల్లలు పరుగుకి వస్తారు.

"మేకులొద్దన్నావు కదా వదినా," అన్నాడు మరిది. "అందుకే ఇవి తెచ్చాను. ఒక్క మేకు కొట్టలేదు, కావాలంటే చూసుకో."

"తాళ్ళేమయ్యాయి?"

"షెడ్డులోనే ఉన్నాయి. ముడులు వేస్తూ కూర్చుంటే తెల్లారుతుంది."

"పచ్చవే ఎందుకు తెచ్చావు?"

మరిది తల గోక్కున్నాడు. "తెల్లవైతే గడ్డిలో కనపడతాయి, నువ్వు తిడతావని."

లారీ డ్రైవరుకి నవ్వొచ్చి, ఆమె మొహం చూసి మింగేశాడు. ఆమెకి మాత్రం ఒళ్ళు భగ్గుమంది. చెత్త పడుతుందని తెలిసే చేశాడు. తెలియక చేస్తే ఒక తిట్టుతో పోయేది. బుర్ర పెట్టి, రంగు ఎంచి మరీ దాచాడు.

"పిల్లల కాళ్ళకి రంగు తెలుస్తుందా?" అంది. "కోసిన మొన ముల్లు కన్నా పదును. మేకు తీసి ముళ్ళు నాటావు, పైగా కనపడకుండా."

ఆ తరవాత ఆమె మరిదితో మాట్లాడలేదు. చెప్పాల్సిందంతా మిగతావాళ్ళకి చెప్పింది. మిగిలిన ట్యాగుల్ని కోసేటప్పుడు ఒకరు కింద గోనెసంచి పట్టాలి. ఒక్క ముక్క నేల తాకకూడదు.

లారీలో అప్పటికే సగం గుడ్డలు మంచు తడితోనే ఉండలు చుట్టి పడేసి ఉన్నాయి. దింపమంది. ఎక్కించినవి మళ్ళీ దింపడమేమిటని డ్రైవరు సణిగాడు. ఆమె ఒక గుడ్డ అంచు ఎత్తి చూపించింది. తాడు దూర్చే ఇత్తడి కన్నాల్లో ట్యాగు ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. షెడ్డు దాకా మైదానం పొడుగునా రాలతాయి, రాలనివి షెడ్డులో గుడ్డని కొరుకుతాయి. డ్రైవరు తనే రెండో అంచు పట్టుకున్నాడు. పెద్ద టార్పాలిన్ పరిచి, దానిమీదే ఒక్కో గుడ్డా దులిపారు. కన్నం కన్నం తడిమి, ముక్కలు ఏరి, గుడ్డలన్నీ ఎండలో ఆరేశారు. ఆరాక ఆమె వాటిని పాత షామియానాలతో కుట్టిన సంచుల్లో పెడుతుంది. ప్లాస్టిక్ కవర్లో గుడ్డకి చెమట పట్టి బూజు వస్తుంది. ఆ కవరు చిరిగితే అదింకో చెత్త.

ఇక గడ్డి. పాత మైకు స్పీకరులోంచి పీకిన అయస్కాంతం తాడుకి కట్టి నేలంతా ఈడ్చడం పోయినేడు ఆమె మొదలుపెట్టిన పద్ధతి. ప్లాస్టిక్కుకి అది పనికిరాదు. పుల్ల చీపురు ఆడించి చూసింది. ముక్కలు ఇంకా లోపలికి దిగుతున్నాయి. చీపురు పక్కన పడేసి, చతికిలబడి, అరచేయి గడ్డిమీద మెల్లగా జరిపింది. మూర నేలలో మూడు గుచ్చుకున్నాయి.

షెడ్డులోంచి తాళ్ళు తెప్పించింది. మనిషి చేయి చాపినంత వెడల్పున మైదానమంతా వరసలుగా లాగించింది. కళ్ళు నమ్మొద్దు, చేతులే నమ్మండి అంది. ఒక్కొక్కరూ ఒక్కో వరసలో గొంతుకూచుని జరగాలి. వరస చివరికి వెళ్ళాక పక్కవాడి వరసలో వెనక్కి రావాలి. ఎవరి తప్పు వాళ్ళకి దొరకదు.

మధ్యాహ్నం దాటింది. మోకాళ్ళు పట్టేశాయి. మరిది ఆమె పక్క వరసలోనే ఉన్నాడు. అతని అరచేయి రెండు చోట్ల చీరుకుంది. ఒకసారి చేయి చూసుకుని ఆమెవైపు తిరిగాడు. ఆమె జరగమన్నట్టు గడ్డం ఊపింది.

మూడున్నరకి డ్రిల్లు మాస్టారు వచ్చాడు. నిలబడి నేల వంక చూసి సరిపెట్టుకోలేదు. తిన్నగా మధ్యకి వెళ్ళి, కూర్చుని, చేయి వేసి తడిమాడు. లేచి ఇంకోచోట తడిమాడు. మూడో చోట ఆగి, రెండు వేళ్ళతో పచ్చ ముక్క ఒకటి పైకి తీశాడు.

మరిది ఏదో చెప్పబోయాడు. వదిన అతనికి అడ్డంగా ముందుకి వచ్చింది.

"ఆ వరస నాది మాస్టారూ. మొత్తం మళ్ళీ చూస్తాం. పిల్లల్ని గేటు దగ్గరే ఆపండి."

"నాలుగింటికి రమ్మన్నాను వాళ్ళని."

"అయ్యేదాకా ఆపండి."

మాస్టారు గేటు మూయించాడు. అందరూ మళ్ళీ మొదటి తాడు దగ్గర కూర్చున్నారు. ఇంకో రెండు ముక్కలు దొరికాయి. గేటు బయట పిల్లలు గోల పెడుతున్నా ఆమె చేతి వేగం పెంచలేదు. చివరి వరస దాటాక తాళ్ళన్నీ చుట్టించి, సంచి మూతి బిగించి మాస్టారి ముందు పెట్టింది. ఆయన మళ్ళీ నాలుగు చోట్ల తడిమాడు. ఖాళీ చేత్తో లేచాడు.

"లారీని షెడ్డు దాకా పోనివ్వండి," అన్నాడు డ్రైవరుతో. "గుంజలు బయటుంటే తడుస్తాయి."

గుంజలు లోపల పేర్చి, గుడ్డ సంచులు అటక మీదికి ఎక్కించి, చెత్త సంచి లారీలో వేయించి, వదిన తిరిగి వచ్చింది. మాస్టారు సున్నం డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మైదానం తీసుకోండి మాస్టారూ," అంది.

ఆయన వంగి పరుగుకి మొదటి గీత వెయ్యడం మొదలుపెట్టాడు.