తువ్వాలు కింద కంప్యూటర్

ఎనభైల నడుమ నంద్యాలలో రేడియోలు, టీవీలు బాగుచేసే అంగడి నాది. నాకు తెలిసి ఊళ్లో ఏ ఇంట్లోనూ కంప్యూటర్ లేదు. ఆ లోటు నేనే తీర్చాలని బుద్ధి పుట్టింది. లోటు ఉందన్న సంగతి ఊరికి తెలియకపోవడం ఒక్కటే ఇబ్బంది.

రెండేళ్లు కూర్చుని ఒక సర్క్యూట్ బోర్డు గీశాను. దానికి సామాన్లు అతికించి టీవీకి తగిలిస్తే, మనం నొక్కిన అక్షరాలు తెర మీద వస్తాయి, చిన్నచిన్న లెక్కలు చేస్తుంది. అంతకు మించి ఏమీ చేయదు. అయినా నాకది ప్రాణం. బెంగళూరులో బోర్డులు తయారుచేసే ఆయన గీత చూసి మెచ్చుకున్నాడు గానీ, పదికి తక్కువైతే ముట్టుకోనన్నాడు, డబ్బు ముందే పంపాలన్నాడు. నాకు ఒక్కదానికే తాహతు. మిగతా తొమ్మిదింటికి మనుషులు దొరక్కపోతే నా బోర్డు కాగితం మీదే చస్తుంది.

మా నాయన ఆళ్లగడ్డలో మిషన్ బడి పంతులుగా చేసి రిటైరయ్యాడు. ఆరాధన అయిపోయాక చర్చి ముందర నిలబడి, తన కొడుకు చేస్తున్నది దండగ పని అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు.

ఒక ఆదివారం సాయంత్రం, ఆసక్తి ఉన్నవాళ్లను అంగడికి రమ్మన్నాను. టీ, మిరపకాయ బజ్జీలు పెట్టాను, అదే తప్పు. బోర్డు ఎవరికి కావాలంటే అందరూ చేతులెత్తారు. ఒక బ్యాంకు గుమాస్తా తనకు రెండు కావాలన్నాడు. రెండో చేతిలో బజ్జీ ఉంది కాబట్టి ఒక్క చెయ్యే ఎత్తాడు. ఎరువుల షావుకారు ఒక్కడే ఇది పనికిమాలిన యవ్వారమని లేచిపోయాడు.

ఆ తర్వాత చేతులెత్తినవాళ్ల చుట్టూ తిరిగాను. ఒకరింట్లో పెళ్లి, ఒకరికి శనక్కాయ పంట పోయింది. గుమాస్తా నన్ను చూస్తే పెరటి వాకిట్లోంచి పోయేవాడు. మాటలు కోటలు దాటాయి, కాళ్లు గడప దాటలేదు. నాకు ఒళ్లు మండింది.

మా మేనమామ ఆళ్లగడ్డలోనే ఉంటాడు, ఎద్దుల సంతల్లో దళారి. నా గోడు విని నవ్వాడు.

"నలుగుర్లో అడిగితే ఎవుడు లేదంటాడప్పా? పరువు పోతాది. ఎద్దునే అట్ల అమ్మం మేము. తువ్వాలు కింద అడుగు."

సంతలో ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువ్వాలు కప్పి, కింద ఎదుటివాడి వేళ్లు పట్టుకుంటారు. నా బేరంలో, నా వేళ్లు ఎన్ని పట్టుకుంటే అన్ని బోర్డులు. వద్దంటే అరచేతిలో తట్టి చెయ్యి తీసేయాలి. పక్కవాడికి తెలియదు కాబట్టి ఎవరి పరువూ పోదు. కానీ వేలు పట్టుకున్నాక మాట తప్పినవాడితో మళ్లీ ఎవరూ బేరమాడరు.

తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరాను. గుమాస్తా పైకి "తప్పకుండా" అంటూనే అరచేతిలో తట్టాడు. షావుకారు నన్ను తిడుతూనే రెండు వేళ్లు పట్టుకున్నాడు. శిరివెళ్ల రైతు ఒకాయన ఏమీ అడక్కుండా మూడు వేళ్లు పట్టి, ఆనక "ఎన్ని పండ్లేసింది?" అని ఎద్దు వయసు అడిగినట్టు అడిగాడు. ఆ బేరం నేనే వదులుకున్నాను. నాదీ కలుపుకుంటే లెక్క తొమ్మిదికి వచ్చి ఆగింది. ఎంత తిరిగినా పదోది దొరకలేదు.

ఇక లాభం లేదని మామ ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పాను. ఒక్కటి తక్కువైంది, రేపు బెంగళూరుకు వద్దని రాసేస్తానన్నాను. అరుగు మీద ఇంకో నలుగురు ఉన్నారు. అప్పుడే చర్చి నుంచి వస్తున్న నాయన ఆగి, అంతా విన్నాడు.

"ఇంగా ఆ పిచ్చే పట్టుకోని తిరుగుతాండావా?" అంటూ నా పక్కన కూర్చున్నాడు.

తువ్వాలు నా ఒళ్లో, చేతుల మీద పడి ఉంది. దాని కిందికి ఆయన చెయ్యి వచ్చింది. నా చూపుడు వేలు పట్టుకుంది.

"దండగ పనిరా ఇది," అన్నాడు నలుగురికీ వినబడేలా. వేలు మాత్రం వదల్లేదు. మామ దళారి మర్యాద పాటించి వీధిలోకి చూస్తున్నాడు.

చిన్నప్పుడు నేను ఆయన వేలు పట్టుకుని చర్చికి పోయేవాణ్ణి. ఆ తర్వాత మా ఇద్దరి చేతులు కలిసింది అప్పుడే. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకుందామంటే ఉన్నది ఆ తువ్వాలొక్కటే, తీస్తే నాయన బేరం బయటపడుతుంది. అలాగే కూర్చున్నాను.