పోలు దగ్గర నిలవడ్డ అన్న

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఏడాది, మా ఊరు రేగొండల బతుకమ్మ ఆటకు లైట్లు కట్టిన అన్న నాకు ఇప్పటికీ సమజ్ కాడు. కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్చి ఒకటి వెంట తెచ్చేటోడు. తుంపర పడితే చాలు, అది టక్కున పడేది. లైట్లన్నీ ఆరేవి. తెలంగాణ పాట సగంల ఆగేది.

"కావాలని ఆర్పుతున్నవా ఏందన్నా? అసలు నువ్వెవల దిక్కు?" అని నేనే గట్టిగ అడిగిన.

"నేల తడిగున్నది. జర చెప్పులేసుకొని ఆడు చెల్లే" అన్నడు.

"చెప్పులేసుకొని ఎవలన్న బతుకమ్మ ఆడుతరా?"

"అయితే నా స్విచ్చి జోలికి రాకుండ్రి."

ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు మళ్ల ముసురు పట్టింది. ఆయన ఎంత మొత్తుకున్నా వినకుంట, మావోళ్లు ఆ స్విచ్చి పీకేసి వైర్లు నేరుగ కలిపిన్రు. లైట్లు ఒక్కపారి గూడ ఆరలే. మేం తడి నేల మీద ఉత్త కాళ్లతోని కడుపునిండ ఆడినం. లైట్లు కట్టిన ఇనుప పోలు ముంగట ఆయన మాత్రం రెండు చేతులు చాపి నిలవడ్డడు. ఆట అయిపోయేదాంక కదలలే.

ఎవ్వలకేం కాలే. ఆయనది ఉత్త భయమేనా, నిజంగనే ఆ పోలుకు కరెంటొచ్చిందా? నాకెట్ల తెలుస్తది? ఎవ్వలనన్న ముట్టనిస్తే గదా!