డ్రిల్లు రోజున ఆబ్సెంటు

మా చిన్నప్పుడు బడిలో గంట ఆగకుండా మోగిందంటే అందరూ పరుగెత్తేవారు... నేను తప్ప.

యుద్ధం రోజులవి. మాది సముద్రం ఒడ్డున ఊరు. విమానాలొచ్చి బాంబులు వేస్తాయేమోనని ఆటస్థలంలో కందకాలు తవ్వించారు. గంట మోగగానే పిల్లలంతా వరసగా వెళ్లి వాటిలో బోర్లా పడుకోవాలి. చెవుల్లో వేళ్లు, పళ్ల మధ్య జేబురుమాలు... మా హెడ్మాస్టరు చేతిలో గడియారం పట్టుకుని వరండాలో నిలబడేవాడు. బడి ఎన్ని నిమిషాల్లో ఖాళీ అయిందన్నదే ఆయన పట్టింపు.

నాకు రెండేళ్లప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. మొదటి డ్రిల్లులో నేను గోడ పట్టుకుని గుమ్మం దాకా చేరేసరికి, నా వెనక తరగతి సగం ఆగిపోయింది. ఆయన గడియారం చూశాడు, నన్ను చూశాడు.

"నువ్వు కూర్చోరా. నీకు డ్రిల్లు లేదు."

సంతోషించాను కూడా. ఎనిమిదేళ్లవాడికి ఏం తెలుస్తుంది...

అయితే కందకాల దగ్గర తలలు లెక్కపెట్టి హాజరుపట్టీతో సరిచూసేవారు. ఎప్పుడూ ఒక తల తక్కువయ్యేది. దానికి ఆయన కనిపెట్టిన ఉపాయం, డ్రిల్లు ఉన్న రోజు నాకు ఆబ్సెంటు వేయడం. నేను బెంచీ మీదే ఉండేవాణ్ణి. పట్టీలో ఉండేవాణ్ణి కాదు.

పరీక్షలయ్యాక ప్రోగ్రెస్ కార్డు ఇంటికొచ్చింది. తొమ్మిది ఆబ్సెంట్లు. నాన్న చూరుకు వేలాడుతున్న గొడుగు తీశాడు.

"ఈ కాలేసుకుని బడి ఎగ్గొట్టి ఎక్కడ తిరుగుతున్నావురా?"

"బడిలోనే ఉన్నాను నాన్నా" అన్నందుకు, అబద్ధమాడానని ఇంకో రెండు. రాత్రి అమ్మ వీపుకు ఆముదం రాస్తూ, "నాకైనా నిజం చెప్పు నాయనా, ఎవరితోనూ అనను" అంది. దెబ్బల కన్నా ఆ మాటే ఎక్కువ మండింది.

డ్రిల్లు ఉన్న ఒకరోజు, బడి గంటకన్నా ముందు ఊరి సైరనే మోగింది. పొరపాటున మోగిందని తరవాత తెలిసింది, అప్పుడు తెలియదు. తరగతి ఖాళీ అయింది. ఎవరిదో పలక బెంచీ అంచున సగం బయటికి వేలాడుతోంది. అది పడుతుందేమోనని దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎవరూ రాలేదు. కిటికీలోంచి మా మాస్టారి గొంతు మాత్రం వినబడింది.

"అందరూ ఉన్నారు సార్. లెక్క సరిపోయింది."

నేను అరవలేదు. అరవొచ్చని తోచనే లేదు...

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న మా బడి పూర్వవిద్యార్థుల గ్రూపులో ఆ హెడ్మాస్టరు ఫొటోకి దండ వేసి పెట్టారు. "ఆ క్రమశిక్షణ ఇప్పుడేదీ" అని ఒకరు. "సారు డ్రిల్లంటే డ్రిల్లే" అని ఇంకొకరు. నా అలమరలో యుద్ధాల మీద పుస్తకాలు నాలుగు అరలున్నాయి, అన్నీ చదివాను. ఆ డ్రిల్లు గురించి మాత్రం ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు.

అయినా ఊరుకునేవాణ్ణే. కానీ సరిగ్గా ఆ వారమే ఇక్కడ అమెరికాలో, మేముండే నోవైలో, నా మనవరాలి స్కూలు నుంచి ఈమెయిల్ వచ్చింది.

శ్రీజకి తొమ్మిదేళ్లు. మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఇప్పుడు వీల్‌చెయిర్‌లో వెళ్తోంది. తరగతి మేడ మీద. శుక్రవారం ఫైర్ డ్రిల్ ఉందట. డ్రిల్ జరిగేటప్పుడు లిఫ్టు వాడకూడదట. వీలైతే ఆ రోజు పాపను ఇంట్లో ఉంచుకోవచ్చట. ఎంత మర్యాదగా రాశారో...

"శుక్రవారం నేను వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుంటా నాన్నా. ఆరు వారాల కట్టుకి ఇష్యూ చేయడం ఎందుకు?" అంది మా అమ్మాయి.

"నిజంగా నిప్పంటుకునే రోజు ముందే ఈమెయిల్ వస్తుందా అమ్మా?"

"మీరు ప్రతిదాన్నీ ఆ హెడ్మాస్టర్ దగ్గరికే తీసుకెళ్తారు."

"నేను తీసుకెళ్లడమేమిటి? ఆయనే ఇక్కడికొచ్చాడు. వీసా కూడా ఎవరూ అడిగినట్టు లేదు."

శ్రీజ సీరియల్ తింటూ తలెత్తింది. "తాతా, ఫైర్ వస్తే నన్ను ఎవరు కిందికి తీస్కెళ్తారు? నాకు తెలీదు. టీచర్‌ని అడిగా, టీచర్‌కి కూడా తెలీదు."

శుక్రవారం నేనే డ్రైవ్ చేసి దింపాను. ఆటోమేటిక్ కారుకి కుడికాలు చాలు.

సాయంత్రం వచ్చి చెప్పింది. మెట్లమీద నుంచి దింపే మడతకుర్చీ ఒకటి అక్కడే గోడకి తగిలించి ఉందట. తొడుగు కూడా విప్పలేదు, ఎలా తెరవాలో ఎవరికీ రాదు. అందరూ దిగి వెళ్లిపోయారు. తనూ టీచరూ మెట్ల దగ్గర మిగిలారు. టీచర్ చేతిలో వాకీటాకీ మోగింది. అందరూ బయటికి వచ్చేశారు, కౌంట్ కరెక్ట్ అని.

"నేను లేకుండా ఎలా కరెక్ట్ తాతా?"

నేను మా అమ్మాయి వైపు చూశాను. తను ల్యాప్‌టాప్ మూసింది.

"మెయిల్‌కి ఓకే అని రిప్లై పెట్టేశాను నాన్నా... ముందే ఆబ్సెంట్ వేసేసి ఉంటారు."

నాకు కోపం రావలసింది. రాలేదు. మా అమ్మ ఆముదం చెయ్యి గుర్తొచ్చింది.

"మరి నువ్వేం చేశావు?" అని పాపని అడిగాను.

"టీచర్‌ని వాకీటాకీ అడిగా. ఇచ్చింది. 'నేను శ్రీజ, ఇంకా పైనే ఉన్నా' అని చెప్పా."

కింద మళ్లీ లెక్కపెట్టారట, అందరినీ మంచులో నిలబెట్టి. వచ్చే వారం డ్రిల్లు మళ్లీ పెడతారట. ఈసారి ఆ కుర్చీ తొడుగు విప్పుతారట... చూడాలి. నేనూ వెళ్తున్నాను.

అప్పుడు "నువ్వు కూర్చోరా" అన్నారు, ఇప్పుడు "ప్లీజ్" అంటున్నారు. అరవై ఏళ్లలో పెద్దవాళ్లు మారింది అంతే. పిల్లలు నయం...

మీ బడిలోనూ డ్రిల్లు రోజున ఎవరో ఒకరు బెంచీ మీద మిగిలిపోయే ఉంటారు. గుర్తుంటే వాళ్ల పేరు కింద రాయండి. హెడ్మాస్టర్ల పేర్లు వద్దు, అవి మా గ్రూపులో చాలా ఉన్నాయి.